ఎనిమిది రోజుల కట్టు

సాయంత్రం వార్తలు వచ్చేటప్పుడు టీవీ తెర కింద, కుడి మూలన చిన్న గడి ఒకటి కనిపిస్తుంది. అందులో నల్ల చొక్కా తొడుక్కున్న ఒకావిడ నిలబడి, వార్తలు చదివే అతను నోటితో చెప్పేదంతా చేతులతో చెబుతూ ఉంటుంది. స్టూడియోలో అందరూ ఆమెను మూల మేడం అంటారు. పదకొండేళ్ళుగా ఆ మూలలోనే నిలబడింది కాబట్టి ఆ పిలుపు మీద ఆమెకు కోపమేమీ లేదు. ఇంట్లో భర్త కూడా సరదా పుట్టినప్పుడల్లా "ఏం మూల మేడం, ఇవాళ లోకంలో ఏం జరిగింది?" అంటాడు.

ఆమెకు నోటి మాట కంటే చేతి మాట ముందు వచ్చింది. తల్లికి పుట్టుకతోనే వినపడదు. ఆవిడ బట్టల కార్ఖానాలో చొక్కాలకు కాజాలు కుట్టేది. చేతిలో సూది ఉన్నంతసేపూ మౌనం. సూదిని దారపుకండెకు గుచ్చి పక్కన పెట్టిందంటే ఇక ఆవిడ కబుర్లకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఆ చేతుల్ని చూస్తూ పెరిగిన కూతురికి పెద్దయ్యాక అదే బతుకుతెరువైంది. బళ్ళలోనూ ఆఫీసుల్లోనూ వినపడనివాళ్ళ తరఫున మాట్లాడుతూ తిరిగి తిరిగి, చివరికి టీవీ వాళ్ళ మూలలో కుదురుకుంది.

అలాంటి చేతులకు బొల్లి వచ్చింది.

మొదట కుడిచేతి చూపుడువేలి కణుపు మీద పెసరగింజంత తెల్లమచ్చ. సున్నం అంటిందేమోననుకుని గోటితో గీకింది. పోలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి రెండు చేతుల వేళ్ళూ కొసల దాకా తెల్లబడ్డాయి. చేతుల వెనకభాగం మీద, మణికట్ల దాకా, పటంలో దీవుల్లా మచ్చలు పరుచుకున్నాయి. ముఖం మీద ఒక్కటీ లేదు, ఒంటి మీదా లేదు. ఇంకెక్కడా చోటు దొరకనట్టు చేతుల మీదే వచ్చి కూర్చుంది.

"అంటుకునేది కాదు కదా, ప్రాణానికి ముప్పూ లేదు," అని అందరూ అన్నారు. వాళ్ళింట్లోనే ఉంటూ ఇప్పటికీ కాజాలు కుట్టే తల్లి మాత్రం మొహమాటం లేకుండా, "మచ్చల ఆవు కాళ్ళలా ఉన్నాయి నీ చేతులు," అని సైగ చేసి, మళ్ళీ కాజా కుట్టుకోవడంలో పడింది. ఆవిడ తిట్టలేదు, ఉన్నమాట చెప్పింది. వినపడనివాళ్ళ మాటల్లో నాజూకులు తక్కువ.

స్టూడియోలో మేకప్ మనిషి రంగు పూసేవాడు. వార్తలు సగంలో ఉండగానే ఆ రంగు నల్ల చొక్కాకు అంటుకునేది. చర్మం రంగు గ్లోవులు తెప్పించారు. అవి తొడుక్కుంటే వేళ్ళు బొమ్మ వేళ్ళలా మొద్దుబారి, మాటలన్నీ నత్తినత్తిగా వచ్చాయి. తీసి పారేసింది.

అంతలో ఒక ఉత్తరం వచ్చింది. రేవులో పడవలకు రంగులు వేసే వినపడని మనిషి రాసింది. "తుఫాను హెచ్చరిక నంబరు మూడు అని మీరు చెప్పారట. మా టీవీ చిన్నది. మీ వేలి కొసలు వెనక తెల్లగోడలో కలిసిపోయి నాకు రెండుగా కనబడింది. రెండంటే తుఫాను ఇంకా దూరమేనని పడవలో బయలుదేరాను. మా అన్న పరిగెత్తుకొచ్చి ఆపాడు. ఏమీ కాలేదు. చెబుదామని రాశాను."

ఏమీ కాలేదు. ఆ రెండు మాటలూ ఆమెను ముల్లులా గుచ్చాయి. అప్పటినుంచి చేతులకు కుదురు లేదు. బస్సులో కూర్చుంటే వాటిని చంకల్లో దాచుకునేది, మరునిమిషంలో పైకి తీసి వెలుతురులో చూసుకునేది. అన్నం తింటూ తింటూ కుడిచెయ్యి ఆపి, ఎడమచేత్తో మచ్చ అంచు తడిమేది. ఎడిటర్ మంచివాడే. "పోనీ కొన్నాళ్ళు సెలవు పెట్టండి మేడం," అన్నాడు. ఆ మంచితనానికి ఆమె గుండెల్లో రాయి పడింది.

*

స్టూడియో వెనక వీధిలో అద్దాల తలుపుల క్లినిక్ ఒకటి ఉండేది. జుట్టు రాలినా, చర్మం ముడతలు పడినా, రంగు మారినా అన్నిటికీ మూలకణాలే మందని బోర్డు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఆమె చేతుల్ని పట్టుకుని, అయ్యో పాపం అనకుండా, "మూడు నెలలు మేడం, అంతే," అంది. అలా ఎవరైనా అంటే బాగుండునని ఎన్నాళ్ళుగానో ఉన్న మనిషి కదా, ఇంకేం అడగకుండా సీసా తెచ్చేసుకుంది.

భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. చిన్న అక్షరాలు చదవడం అతనికి అలవాటు. సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని చదివి, "యాపిల్ పండు మూలకణాలట," అన్నాడు.

"అయితే ఏం?"

"అవి నీ చేతికొచ్చి ఏం చేస్తాయే? ఇంకో యాపిల్ కాయిస్తాయా?"

"మీకు అన్నీ వేళాకోళమే."

"మూల మేడంకి మూలకణాలు! కుదిరింది లే," అని నవ్వాడు గానీ, ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

పొద్దునా సాయంత్రం పూసి రుద్దింది. రుద్దేకొద్దీ పనిచేస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. నాలుగో వారానికి మణికట్టు ఎర్రబడి, దద్దురు లేచి, నీటిపొక్కులు వచ్చాయి. అవి మానాక చూస్తే రుద్దినంత మేరా కొత్తగా తెల్లబడి ఉంది. అడగడానికి వెళ్తే ఇంకో పెద్ద సీసా చూపించారు. బయటికొచ్చి వీధి చివరి దాకా నడిచి, అక్కడ గోడవైపు తిరిగి నిలబడి, ఎవరూ చూడకుండా రెండు చేతులతోనూ తనను తాను తిట్టుకుంది. అలా తిట్టుకుంటే ఒక సౌలభ్యం ఉంది. చుట్టుపక్కలవాళ్ళకు తెలియదు.

*

పెద్దాసుపత్రి రెండో అంతస్తులో చర్మ విభాగం. అక్కడి డాక్టరమ్మ తలంతా నెరిసిన మనిషి, మాట కరుకు. సీసా చూసి దాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా బల్ల సొరుగులో పడేసింది. సొరుగులో అలాంటివి ఇంకా ఏడెనిమిది ఉన్నాయి.

"మూలకణాలంటే ఇవి కావమ్మా," అంటూ కాగితం మీద ఉల్లిమొలకలాంటి బొమ్మ గీసింది. "ఇది వెంట్రుక కుదురు. పక్కన ఈ ఉబ్బు ఉంది చూశావూ, దీంట్లో ఉంటాయి అసలువి. చర్మానికి రంగునిచ్చే కణాలకు ఇదే పుట్టిల్లు. పైన రంగు పోయినప్పుడు ఇక్కడి నుంచే కొత్తవి నడిచొచ్చి నింపుతాయి. చెయ్యి వెనక కాస్త నూగు ఉంది కాబట్టి అక్కడ ఆశ ఉంది. వేలి కణుపుల మీద, కొసల మీద వెంట్రుకే లేదు. ఇక రంగు ఎక్కడి నుంచి వస్తుంది?"

"మరి ఎలా?"

"ఉన్నచోటి నుంచి తెచ్చి లేనిచోట పొయ్యాలి. నీ తల వెనక నుంచి కొన్ని వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకుతాం. ఆ కుదుళ్ళలోంచి కణాలు విడదీసి చేతి మీద పోసి కట్టు కడతాం. పట్టుకుంటే మెల్లగా చుక్కలు చుక్కలుగా రంగొస్తుంది."

"పట్టుకుంటాయా?"

"చేతి వెనక పట్టొచ్చు. వేళ్ళు మొండివి, చాలామందికి అక్కడ రాదు. నేను మాట ఇవ్వను. ఇంకో సంగతి, నీకు మచ్చలు ఇంకా పాకుతున్నాయి. ఏడాది పాటు కొత్తది రాకుండా ఆగితేనే చేస్తాను. అప్పటిదాకా మాత్రలు వేసుకో, ఈ పూత రాసుకో, దేంతోనూ రుద్దకు."

"ఏడాదా!"

"తొందరపడితే పోసింది కూడా పోతుంది."

ఆ ఏడాది ఆమె కాలుగాలిన పిల్లిలా గడిపింది. ప్రతి మచ్చ చుట్టూ పెన్నుతో గీత గీసుకుని, గీత దాటిందా లేదా అని రోజుకు పదిసార్లు చూసేది. గీత చెరిగిపోతే మచ్చ పెరిగిందనుకుని బెంబేలెత్తేది. మూడు నెలలకోసారి ఆసుపత్రిలో చేతులకు ఫొటోలు తీసేవారు. స్టూడియోకి వారంలో రెండు రోజులే వెళ్తోంది. మిగతా రోజులు ఇంకో కుర్రామె ఆ మూలలో నిలబడుతోంది. ఆ కుర్రామె బాగా చేస్తుంది, కాకపోతే వాక్యం చివర తల ఊపడం మరిచిపోతుంది. టీవీ ముందు కూర్చుని మూల మేడం ప్రతి వాక్యం చివరా తల ఊపేది.

ఏడాది నిండింది. కొత్త మచ్చ రాలేదు.

"ఎడమచెయ్యి ముందు చేద్దాం," అంది డాక్టరమ్మ. "అది ఎలా పట్టిందో చూసుకుని ఆరునెలలకు రెండోది."

"రెండూ ఒకేసారి చేసెయ్యండి డాక్టర్‌గారూ."

"ఎనిమిది రోజులు కట్టు విప్పకూడదు. వేలు కదపకూడదు. రెండు చేతులూ కట్టేస్తే ఎలా బతుకుతావు?"

"మా ఆయన ఉన్నాడుగా."

వెనక కుర్చీలో ఉన్న భర్త గుటక మింగి, "ఉన్నాను," అన్నాడు.

డాక్టరమ్మ చాలాసేపు నచ్చజెప్పింది. ఆమె వినలేదు. ఇంకో ఆరునెలలు అనే మాట చెవిన పడితేనే ఒళ్ళు మండుతోంది. చివరికి రెండు చేతులకూ ఒప్పించి, సంతకం పెట్టింది. ఇంటికెళ్ళి తల్లికి చెబితే ఆవిడ సూది పక్కన పెట్టింది. "ఎనిమిది రోజులు నాతో మాట్లాడవా?"

"ఎనిమిదే కదమ్మా."

"నోరున్నవాళ్ళు ఎవరైనా నోరు కుట్టించుకుంటారా?" అని అడిగి, ఆవిడ జవాబు కోసం ఆగకుండా ముఖం తిప్పేసుకుంది. వినపడనివాళ్ళు ముఖం తిప్పుకుంటే ఇక మాటలు లేనట్టే.

*

పీకడం అనుకున్నంత నొప్పిగా లేదు. తల వెనక మత్తు ఇచ్చి, సన్నటి పట్టకారుతో ఒక్కో వెంట్రుకనూ పట్టి గుంజారు. టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం పుర్రెలో వినబడింది. నర్సు వాటిని గాజుగిన్నెలో వేసి చూపించింది. ప్రతి వెంట్రుక మొదట్లోనూ జిగురుగా, తెల్లగా, చీమ గుడ్డంత ఉబ్బు. వాటిని ఏదో ద్రవంలో నానబెట్టి వెచ్చటి పెట్టెలో పెట్టారు. గంటన్నర తర్వాత గొట్టం అడుగున మిగిలింది మబ్బు నీళ్ళలాంటి నాలుగు చుక్కలు. ఈలోపు చేతుల మీద తెల్లగా ఉన్నంత మేరా పై పొరను చిన్న చక్రంతో అరగదీశారు. "మా దుకాణంలో అద్దాలకు చేసేదీ ఇదే," అన్నాడు భర్త ధైర్యం చెబుదామని. ఆ నాలుగు చుక్కలూ పోసి, మీద పలచటి పొర పరిచి, పట్టీలు చుట్టి, వేళ్ళకు చెక్కలు కట్టి, రెండు చేతుల్నీ రెండు దిండ్లలా తయారుచేశారు.

ఆ ఇంట్లో అయిదు రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. భర్త అన్నం కలిపి పెట్టేవాడు, తల దువ్వేవాడు. అది పెద్ద విషయం కాదు. తల్లీకూతుళ్ళ మధ్య మాట చేరవెయ్యడమే అతని వల్ల కాలేదు. పదిహేనేళ్ళ కాపురంలో అతను నేర్చుకున్న సైగలు ముప్పై ఉంటాయేమో. ఆమె నోటితో చెప్పేది, అతను చేతులతో తిప్పేవాడు.

"అమ్మకు ఆకలేస్తోందేమో అడగండి."

అతను శ్రద్ధగా అడిగాడు. అత్తగారు ఉలిక్కిపడి లేచి వంటింట్లోకి పరిగెత్తింది. గ్యాస్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, చీరకొంగుతో గాలి విసురుతూ బయటికొచ్చింది.

"ఇల్లు తగలబడుతోందా అని అడిగారండీ మీరు!"

"దగ్గర దగ్గరగానే ఉన్నాయి కదే రెండూ," అన్నాడతను.

మొదటి రెండు రోజులూ ఇలా నవ్వుకున్నారు. మూడో రోజుకు ఆమెకు నవ్వు రావడం ఆగిపోయింది. తల్లి ఎదురుగా కూర్చుని చిన్ననాటి సంగతి ఏదో ఎత్తుకునేది. కూతురు కనుబొమ్మలు ఎగరేసి, పెదాలు కదిపి, తల ఊపేది. అక్కడికే మాట అయిపోయేది. ఎవరైనా నోరు నొక్కి పట్టుకుంటే లోపల కేక ఎలా తిరుగుతుందో, కట్టు లోపల ఆమె వేళ్ళు అలా తిరగాలని చూసేవి. మధ్యాహ్నం కునుకు పడితే మోచేతుల నుంచీ కదిలేవి. భర్త రెండు పక్కలా దిండ్లు పెట్టి, మీద తన బరువైన కోటు కప్పేవాడు.

అయిదో రోజు పొద్దున కట్టు తడిగా ఉన్నట్టనిపించింది. లోపల దురద. ఆమె కంగారుపడి ఆసుపత్రికి వెళ్దామంది. అతను ఆసుపత్రి మెట్ల దాకా దింపి, దుకాణానికి తాళం తియ్యాలి, గంటలో వస్తానని వెళ్ళాడు. ఆమె మోచేత్తో లిఫ్టు మీట నొక్కి రెండో అంతస్తు చేరింది.

డాక్టరమ్మ ఇంకా రాలేదు. నడవా చివర కాన్పుల వార్డు. అక్కడి నుంచి అరుపులు. కాన్పుల వార్డులో అరుపులు మామూలే గానీ, ఈ అరుపు వేరు. గొంతు పైకీ కిందికీ అడ్డదిడ్డంగా పోతోంది. తన గొంతును తానెప్పుడూ వినని మనిషి అరుపు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో విన్న అరుపు. కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి.

తలుపు దగ్గర నర్సు ఆపబోయి, ముఖం గుర్తుపట్టింది. "మీరు... వార్తల్లో మూలన ఉంటారు కదూ? దేవుడిలా వచ్చారమ్మా! కాస్త ఈ పిల్లకు చెప్పండి. కడుపులో బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. వెంటనే ఆపరేషను చెయ్యాలి. మంచం ఊచలు పట్టుకుని వదలడం లేదు. మొగుడు ఊళ్ళో లేడు, అత్తగారికి సైగలు రావు."

మంచం మీద పాతికేళ్ళ పిల్ల. ఒక చేత్తో ఊచను పట్టుకుని, రెండో చేత్తో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. ఆ గదిలో అయిదుగురున్నారు. ఒక్కరికీ అది ప్రశ్న అని కూడా తెలియదు. అత్తగారు చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తోంది. కుర్ర డాక్టరు ఒకతను తనకు తోచినట్టు వేలితో పొట్ట మీద అడ్డంగా గీత గీసి చూపిస్తున్నాడు. అది చూసినప్పుడల్లా ఆ పిల్ల ఇంకా గట్టిగా అరుస్తోంది.

మూల మేడంకు ఆ ప్రశ్న తలుపు దగ్గరి నుంచే కనబడింది. "చచ్చిపోయిందా? పోయినసారిలాగే చచ్చిపోయిందా? నిజం చెప్పండి."

ఆమె మంచం దగ్గరికెళ్ళి నిలబడింది. చేతులు పైకి లేచాయి. దిండ్లలాంటి రెండు తెల్లటి మూటలు. ఆ పిల్ల వాటిని చూసి భయపడి వెనక్కి జరిగింది. లేదు, చనిపోలేదు అని చెప్పాలి. ఉన్నది తల ఒక్కటే. తల అడ్డంగా ఊపింది. "లేదు, లేదు" అని.

ఆ పిల్ల ఆ తల ఊపడాన్ని కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. బిడ్డ లేదు అని చదువుకుంది. ఊచ పట్టుకున్న చెయ్యి కూడా వదిలేసి రెండు చేతులతోనూ తల బాదుకోవడం మొదలుపెట్టింది.

పదకొండేళ్ళలో ఆమె మాట ఒక్కటి తప్పుగా చేరిందని రెండేళ్ళు కుమిలింది. ఇప్పుడు అంతకు వంద రెట్లు తప్పు మాట కళ్ళముందే చేరిపోయింది.

"కత్తెర," అంది.

"ఏంటమ్మా?"

"కత్తెర తెచ్చి ఈ కట్టు కొయ్యండి."

"అది చర్మం వాళ్ళు కట్టింది. డాక్టరమ్మను అడక్కుండా నేను..."

ఆమె ఆగలేదు. కుడిచేతి పట్టీ కొసను పళ్ళతో పట్టి లాగింది. రెండు చుట్లు ఊడాక నర్సే గాభరాగా కత్తెర తెచ్చింది. కింద పరిచిన పొర పట్టీతోపాటే లేచి వచ్చింది. చెక్క ఊడింది. అయిదు రోజుల తర్వాత గాలి తగిలిన చెయ్యి ఎర్రగా, పచ్చిగా, వాచి ఉంది. వేళ్ళు వంగనన్నాయి. వంచింది.

"బతికే ఉంది. బిడ్డ బతికే ఉంది. నన్ను చూడు."

ఆ పిల్ల చేతులు తల మీదే ఆగిపోయాయి.

బిడ్డ గుండె నీరసపడుతోందని చెప్పడానికి ఒక చెయ్యి చాలదు. ఎడమచెయ్యి కూడా చాచింది. నర్సు ఈసారి అడగకుండానే కోసింది. "గుండె అలిసిపోతోంది. పోయినసారిలా కాకుండా ఉండాలంటే ఇప్పుడే బయటికి తియ్యాలి. పొట్ట కోస్తారు. నడుములో సూది వేస్తారు, నొప్పి తెలియదు. నువ్వు మెలకువగానే ఉంటావు."

"నువ్వెవరు?"

"వార్తలు చెప్పేదాన్ని."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆమె చేతుల్నే చూసింది. ఆ వాపునీ, తడినీ, కణుపుల మీద పొడుస్తున్న నెత్తుటి చుక్కల్నీ చూసింది. "లోపలికి వస్తావా?"

లోపల అందరి ముఖాలకూ మాస్కులు. పెదాలు లేవు, బుగ్గలు లేవు. ఆ పిల్లకు కనబడేవి పైన దీపమూ, తల దగ్గర నిలబడిన ఈమె చేతులూ అంతే. థియేటర్ నర్సు ఆ పచ్చి చేతుల మీదే పలచటి గ్లోవులు తొడిగింది. మంట నెత్తికెక్కింది. ఇప్పుడు సూది వేస్తున్నారు, ఇప్పుడు తడుముతున్నారు, ఇది బరువుగా అనిపిస్తుంది భయపడకు అని జరిగేదంతా జరుగుతున్నట్టే చెబుతూ పోయింది. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి నర్సులందరి కళ్ళూ ఒకవైపు తిరిగాయి.

"ఏడుస్తోందా?" అడిగింది ఆ పిల్ల.

"ఏడుస్తోంది."

"ఎలా ఏడుస్తోంది?"

ఈ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చెవి పెట్టి విన్నది. "సన్నగా, తెగి తెగి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఇప్పుడు పెద్దగా. కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది."

ఆ పిల్ల నవ్వింది. ఆడపిల్ల అని ఎవరో అన్నారు. అదీ చెప్పింది.

*

డాక్టరమ్మ ఆ చేతుల్ని బల్ల మీద పెట్టించుకుని, భూతద్దంతో ఒక్కో వేలూ చూసింది. కాన్పుల వార్డు సంగతి అప్పటికే ఆవిడ చెవిన పడింది.

"ఇంకో మూడు రోజులు," అంది చివరికి. "మూడే మూడు. ఒక్క చెయ్యి చేద్దామంటే వినలేదు నువ్వు. రెండోది ఖాళీగా ఉండేది."

"అవును."

"పైగా గ్లోవులు."

"అవును."

ఆవిడ కరుగ్గానే మందు రాసి, మళ్ళీ కట్టింది. కట్టాక, తన బల్ల మీది కాగితం లాక్కుని, ఇంత పెద్ద ఆసుపత్రిలో సైగలు తెలిసిన మనిషి ఒక్కరూ లేకపోవడమేమిటని పైవాళ్ళకు ఒక ఘాటైన ఉత్తరం రాసింది. రాస్తున్నంతసేపూ గొణుక్కుంటూనే ఉంది. ఆ కోపం ఎవరి మీదో మూల మేడంకు సరిగా అర్థం కాలేదు.

ఆ ఉత్తరం వల్ల ఆసుపత్రి గోడ మీద ఒక ఫోను నంబరు వెలిసింది. అది మూల మేడం నంబరే. ఇప్పుడు వారంలో రెండు మూడుసార్లు మోగుతుంది. స్టూడియోలో ఆమె పట్టుబట్టి వెనక తెల్లగోడకు ముదురు ఆకుపచ్చ వేయించింది. తెల్లవేళ్ళు దాని మీద మునుపటి నల్లవేళ్ళ కంటే స్పష్టంగా కనబడుతున్నాయి. చేతికి రంగు వెయ్యడం కంటే గోడకు రంగు వెయ్యడం తేలికని అంతకాలం ఎవరికీ తట్టనందుకు ఎడిటర్ నాలుక కరుచుకున్నాడు.

మూడో నెలలో ఎడమచేతి వెనక మొదటి చుక్క కనబడింది. ఆవగింజంత గోధుమరంగు. దాని పక్కన ఇంకోటి. ఆరో నెలకు ఎడమచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా చుక్కలు ఒకదాన్నొకటి అంటుకుని, పాత రంగుకు కాస్త ముదురుగా కలిసిపోయాయి. కుడిచేతికి మణికట్టు పక్కన బొటనవేలంత మేర వచ్చింది. ముందు విప్పింది దాన్ని, ఎక్కువ వాడిందీ దాన్నే. వేళ్ళకు మాత్రం ఏ చేతికీ రాలేదు.

"కట్టు విప్పడం వల్లనేనా డాక్టర్‌గారూ?"

"కుడిచెయ్యి వెనకంటావా, అందువల్లే అయ్యుండొచ్చు. వేళ్ళకు విప్పకపోయినా రాకపోయేదేమో. వచ్చేదేమో. చెప్పలేను."

చెప్పలేను అన్న ఆ మాటే ఆమెకు కొరకరాని కొయ్య అయింది. విప్పినందుకు బాధ లేదని అందరితో అంటుంది. అది అబద్ధమేమీ కాదు. కానీ ఒక్కతే ఉన్నప్పుడు, బస్సులో రెండు చేతులూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నప్పుడు, ఆ మూడు రోజులూ గుర్తొస్తాయి. ఆ పిల్లకు ముందు నర్సు చేత కాగితం మీద రాయించి చూపిస్తే సరిపోయేదేమో. చదువు వచ్చో రాదో. వస్తే ఆ స్థితిలో చదివేదో లేదో. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. ఒక స్టాపు ముందే దిగిపోయి, ఇంటిదాకా గబగబా నడిచి, ఆ ఆలోచనను దారిలో వదిలించుకోవాలని చూస్తుంది.

కుడిచేతికి మళ్ళీ చెయ్యడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. ఈసారి అదొక్కటే. చలికాలంలో ఒక తేదీ ఖాయం చేశారు. సెలవు అడిగింది. ఆ ఎనిమిది రోజులూ ఆసుపత్రి ఫోను స్టూడియో కుర్రామె తీసుకునేలా ఏర్పాటు చేసింది. తల ఊపడం మరిచిపోవద్దని నాలుగుసార్లు చెప్పింది.

అప్పటిదాకా రోజూ పొద్దున పది నిమిషాలు చేతుల్ని లేత ఎండలో పెట్టి కూర్చోమన్నారు. చేతులు కదపకుండా కూర్చోవాలి. బాల్కనీలో కుర్చీ వేసుకుని, గట్టు మీద రెండు అరచేతులూ బోర్లా పెట్టి, ఆమె నిజంగానే ప్రయత్నిస్తుంది. ఎదురుగా తల్లి సూదిని కండెకు గుచ్చి పక్కన పెడుతుంది.

"కింద వాటాలోకి ఎవరో కొత్తవాళ్ళు దిగారు. చూశావా?"

కూతురు తల ఊపి, కళ్ళతో చేతుల్ని చూపిస్తుంది. మాట్లాడకూడదు అని.

"ఆయనకు మీసం ఉంది గానీ సగమే ఉంది. రెండో సగం ఏమైందో!"

మూడు నిమిషాలు కూడా కాలేదు. కూతురి చేతులు గట్టు మీది నుంచి లేచాయి. "సగమేంటమ్మా? ఏ వైపు?"